పసుపు మీద తెల్ల అక్షరం

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కదిలీ కదలకముందే భీమన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, బస్సెక్కినవా? మంచిది. ఒక్క పని జెయ్. నువ్వొచ్చేలోపు ఆ అక్షరాల రంగు జర ముదురు జేసుకో. ఎడపల్లిల దిగంగనే మీటింగు. నలుగుర్ల పేజీ తెరిచి సూపెడదం. సూడుండ్రి, ఎంత సక్కగ రాసున్నదో, సూస్కోనిది హన్మవ్వనే అంటె లొల్లి ఖతం." మధుకర్ ఊ అనేలోపే, "పన్నెండూర్ల పని యాది వెట్టుకో" అని పెట్టేశాడు.

మధుకర్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దొరికిందే ఎండ దిక్కు సీటు. మార్చి ఎండ, పదకొండున్నరకే అద్దం కాలుతోంది. బస్సు నిండా ఆడవాళ్లు, సంచులు, వెనక సీట్లో బిలోలి పోయే ఇద్దరు మరాఠీలో ఏదో వాదన. ముదురు చేసుకో అన్నాడు భీమన్న, కూరలో కారం సంగతి చెప్పినంత తేలిగ్గా. ఒక్క ముక్క మారిస్తే చాలు, నిజమే. పేజీ వెనక రాతలో తెల్ల రంగు అని ఉన్నచోట నల్ల రంగు అని కొడితే అర నిమిషంలో అయిపోతుంది. నిన్న మొన్నా ఎలా ఉండేదో ఎవరు చూడొచ్చారు, ఎవరు ఫోటో తీసిపెట్టుకున్నారు? కాలువ సంఘానికి ఆ పేజీ చేసింది తనే, దాని తాళం ఉన్నదీ తన దగ్గరే. ఏ తూము కింద ఎవరి పొలానికి ఏ రోజు ఏ వేళకు నీళ్లు, ఆ వంతుల పట్టిక కోసమే ఆ పేజీ. వాట్సాప్ గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల కింద, పెళ్లిళ్ల ఫోటోల కింద పూడిపోతోందని సంఘం పెద్ద భీమన్నే అడిగి చేయించుకున్నాడు. సోమవారం పిల్లకాలువ గట్టు కారింది. కారిన దిక్కు వంతు ఆపి, మిగతా వంతులన్నీ ఒక రోజు ముందుకు జరిపారు. ఆ మాట పేజీ నెత్తిన ఒక వరుసలో రాసి పెట్టమంటే రాసి పెట్టాడు, కింద పట్టిక మాత్రం పాతదే ఉంచాడు. బుధవారం పొద్దున హన్మవ్వ పార పట్టుకుని తూము దగ్గరకు పోతే నీళ్లు అప్పటికే వేరే దిక్కు తిరిగి ఉన్నాయి. ఆమె వంతు మంగళవారమే వచ్చి పోయింది. వంతు తప్పినవాళ్లు మళ్లీ విడిచేదాకా ఆగాలన్నది సంఘం రూలు, సంఘం తప్పయితే తప్ప. ఎల్లుండి తెల్లారి కాలువ బంద్, నీళ్లు మళ్లీ పది రోజులకు గానీ రావు. హన్మవ్వ ఎకరం పది గుంటల వరి పొట్ట మీద ఉంది. పొట్ట మీదున్న వరికి పది రోజులు నీళ్లు లేకపోతే వెన్ను వస్తుంది, గింజ రాదు. కోస్తే తాలు.

ఏదీ, చూద్దాం, అని పేజీ తెరిచాడు. తెరిచానని అనుకున్నాడు, అంతే. పట్టిక కిందెక్కడో ఉంది, వేలితో జరిపితేగానీ రాదు. పైన, ఆ మాట రాసిన చోట, ఉన్నది పసుపు పచ్చని పలక. వెలుతురు పట్టీని చివరిదాకా తోశాడు, చెయ్యి అడ్డం పెట్టాడు, మెడ వంచాడు. ఎక్కడ ఏ వరుస ఉందో రాసిన చేతికి తెలుసు కాబట్టి ఉందనిపిస్తోంది, అంతేగానీ కన్నుకు దొరకడం లేదు. పక్క సీట్లో తెల్ల రుమాలు తలకు చుట్టుకున్న ముసలాయన ఇందాకటి నుంచి ఇతని తిప్పలు చూస్తున్నాడు. లింబయ్యట, రుద్రూర్ దిక్కు చెరుకు వేసేవాడట, బస్సు ఎక్కగానే చెప్పాడు. "బాపూ, సదువొస్తదా?" అని అడిగి ఫోన్ చేతికిచ్చాడు మధుకర్. లింబయ్య దాన్ని దూరం పట్టాడు, దగ్గర పట్టాడు, కిటికీకి ఆనించాడు, చివరికి నవ్వాడు. "ఏంది బిడ్డా, ఫోన్‌ల పసుపు ఆరబోసినవ్?" ముందు సీటు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి, ఏదీ ఏదీ అని అడిగి, ఒకావిడ అద్దాలు పెట్టుకుని మరీ చూసి, "దీని మీద రాసున్నదా ఏమన్న?" అంది. రాసి ఉందక్కా, అనబోయి మధుకర్ నోరు మూసుకున్నాడు. ఆ మాట నిన్న ఒకసారి అన్నాడు.

బస్సు ఊరు దాటింది. పసుపు ఎట్లా వచ్చిందంటే, భీమన్న ఇంటి వరండాలో వచ్చింది. మొదట తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలే చేసుకుపోయాడు మధుకర్. భీమన్న దాన్ని చూడగానే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "కర్మ పత్రిక లెక్కున్నది గదరా. ఎవడు సచ్చిండని? రైతులు పొద్దుగాల లేసి ఫస్టు సూసేది గిదే, నల్లటిది సూస్తరా?" పెళ్లి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాస్తాం, కొత్త బండికి రాస్తాం, కొత్త మోటారుకు రాస్తాం, విత్తనాల బస్తాకు రాస్తాం, నీళ్ల పట్టికకు రాయమా? జిల్లాయే పసుపు జిల్లా అయినప్పుడు? వరండాలో ఉన్న పదిమందీ తలలూపారు. మధుకర్ కూడా ఊపాడు, ఇది మరిచిపోకూడదు. మొహమాటానికి కాదు, అతనికీ నచ్చింది. నిజామాబాద్‌లో తన గదిలో, పరదాలు దించి, ఫ్యాన్ కింద, పెద్ద తెర మీద కొమ్ము ఉడికించి మెరుగు పట్టిన పసుపు రంగు వెనకాల పరిచి, దాని మీద తెల్లటి సన్న అక్షరాలు పేర్చుకుంటూ పోతే ఎంత ముచ్చటేసిందని! జరీ అంచులా ఉంది అనుకున్నాడు. రెండు రోజులు దాని చుట్టే తిరిగాడు, అక్షరాలు ఇంకొంచెం సన్నం చేశాడు, ఇంకొంచెం. పదో తరగతి తప్పిన మనిషి, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న మనిషి, హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలవాళ్లు చేసినట్టే చేశానని మురిశాడు. వాళ్లు చేసేదేమిటి, తెల్ల మీద బూడిద రంగు అక్షరం, ఇరవై ఏళ్ల కన్నుకు, చల్లటి గదికి, లక్ష రూపాయల తెరకు. బూడిద అక్షరం రాసేవాడికి చదివేవాడు మనిషే కాదు, అద్దం. అందులో తన ముఖం చూసుకుంటాడు. ఈ మాట అంటూ మధుకర్ ఎన్నో మీటింగుల్లో ఎందరినో తిట్టాడు. ఇప్పుడు అదే పని చేసినవాడు తనే.

ఇంతా చేసి అక్షరం సంగతి తెలియనివాడు కాదే! పదిహేడేళ్లప్పుడు గోడల మీద రాసే రామ్‌దాస్ దగ్గర డబ్బాలు మోశాడు. సున్నం కొట్టిన గోడ మీద తారు కలిపిన నలుపు, అంతకు మించి రంగు ముట్టనిచ్చేవాడు కాదు రామ్‌దాస్. చెరుకు రైతులు బోధన్ రోడ్డు మీద కూర్చున్న రోజుల్లో ఒక్క పొద్దున పదకొండు గోడలు రాశారు. మధుకర్ ఒక గోడ మీద ఎర్ర అక్షరానికి ఆకుపచ్చ నీడ గీసి, ఎలా ఉంది అని నిలబడ్డాడు. రామ్‌దాస్ బీడీ పారేసి, చెయ్యి పట్టి రోడ్డు అవతలికి లాక్కుపోయి, "పోయే బస్సుల కెళ్లి సూసినట్టు సూడు, సదువు" అన్నాడు. చదవలేకపోయాడు. "నువ్వు రాసింది నీకే అందకపాయె. రైతు పుట్టెడు కోపంతోటి కూసున్నడాడ, నువ్వు పూలు గీస్తవా?" మళ్లీ సున్నం కొట్టించాడు. రెండేళ్లు ఆయన వెంట తిరిగితే చెయ్యి తిరిగింది, కన్ను తిరిగింది. ఫ్లెక్సీలు వచ్చి గోడల పని పోయాక తిండికోసం ఈ పేజీల పని పట్టుకున్నాడు. పని మారితే కన్ను కూడా మారిపోవాలా? ఈ పనిలోనూ ఒక లెక్క ఉంది, అదీ తెలుసు. వెనక రంగుకూ అక్షరానికీ మధ్య వెలుతురు తేడా ఎంతో చెప్పే సాధనం ఉంది, రెండు రంగులిస్తే ఒక అంకె చెబుతుంది. మామూలు సైజు అక్షరాలకు కనీసం నాలుగున్నర రావాలి. ముసలి కళ్లకు, ఎండకు, పగిలిన అద్దానికి అంతకన్నా ఎక్కువే కావాలి. రాత్రి నిద్రపట్టక తన పేజీకి మొదటిసారి ఆ లెక్క చూశాడు. రెండు కూడా రాలేదు. కుంకుమ ఎరుపు పెడదామా అని చూస్తే, కంటికి ఎంత గట్టిగా కనిపించిందో, అంకె మూడు దాటి ఆగిపోయింది. నలుపు పెట్టి చూస్తే పదకొండు దాటింది. అదే పసుపు, అదే పేజీ. పసుపు ఏ పాపమూ చేయలేదు. దాని మీద తెలుపు పెట్టిన చెయ్యి చేసింది.

పేజీ పెట్టి నెలన్నర. నెలన్నరలో ఒక్కరు, కనబడటం లేదురా, అని చెప్పలేదేం? ఇప్పుడు తెలుస్తోంది. ఎవరూ చదవలేదు కాబట్టి. సోమవారం వంతులు జరిగిన సంగతి ఊళ్లో అందరికీ చాయ్ కొట్టు దగ్గర తెలిసింది, భీమన్న అరుగు మీద తెలిసింది, నోటినుంచి నోటికి పోయింది. ఊరి చివర, పిల్లకాలువ అవతల, ఒక్కతే ఉండే మనిషికి ఆ నోళ్లు అందలేదు. చాయ్ కొట్టు ముందు నిలబడే అలవాటు ఆడమనిషికి ఎక్కడిది? ఆ పేజీని నమ్ముకున్నది పిల్లకాలువ మొత్తం మీద హన్మవ్వ ఒక్కతే. నమ్మింది గనకే మునిగింది. కింద వంతుల పట్టిక మాత్రం గళ్లలో నల్ల అక్షరాలతో ఉండేది కాబట్టి బుధవారం అన్నది ఆమెకు కనిపించింది. పైన, వంతులు మారాయి అన్న వరుస, ముఖ్యమైనది కదా మెరవాలి అని తెల్లగా పెట్టిన వరుస, అది కనిపించలేదు. ముఖ్యమైనదాన్ని అందంగా పెట్టాలనుకోవడం ఏం బుద్ధి! అగ్గి అంటుకుంది అని ఎవడైనా రాగం తీస్తాడా?

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఏడుపు లేదు గొంతులో, అదే భయం. "మధుకరూ, నాకు అక్షరాలే రావంటుండ్రు బిడ్డా. రాత్రిబడిల కూసొని నేర్సుకున్న నేను. కందిలి పట్టుకొని పోయిన, నా మొగడు దంతె ఇసిరేసిండు, అయిన పోయిన. బస్సు మీద పేరు సదువుత, మందు డబ్బా మీద సదువుత. భీమన్న నలుగుర్ల అన్నడు, ముసల్ది సదువచ్చినట్టు నటిస్తదని. నువ్వు జెప్పు, నువ్వే గద రాసింది. ఆ దినం గది రాసుండెనా, లేకుండెనా?" అప్పుడు మధుకర్ అన్నాడు, "రాసే ఉన్నదవ్వా." అబద్ధం కాదు. రాసే ఉంది. కోర్టులో నిలబెట్టినా నిలిచే నిజం. అవతల మెల్లగా, "అయితె నా కండ్లే పోయినట్టున్నయి" అంది హన్మవ్వ, ఫోన్ పెట్టేసింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టి ఉంటే ఈపాటికి మధుకర్ ఏదో ఒక సమాధానం కూడబలుక్కుని ఉండేవాడు. తిట్టినవాళ్లకు సమాధానం చెప్పడం అతనికి కొత్త కాదు. తన కళ్లనే అనుమానించుకున్న మనిషికి ఏం చెబుతాడు?

ఎదురుగా ఒక బడి బస్సు వచ్చింది, పసుపు మీద నల్లగా పేరు, దడదడమని పక్కనుంచి పోయింది, అంత వేగంలోనూ పేరు కంట్లో పడింది. లింబయ్య కూడా చదివాడు, పైకే చదివాడు, చదివి, "గట్ల రాయరాదు మరి" అన్నాడు. "రాస్త బాపు, ఇప్పుడే రాస్త" అన్నాడు మధుకర్. బొటనవేలు అక్షరాల మీదికి పోయింది, అక్కడే ఆగింది. ఎందుకంటే భీమన్న చెప్పిందీ ఇదే కదా. నలుపు పెట్టెయ్, మీటింగులో తెరిచి చూపెడదాం. ఇప్పుడు నలుపు పెడితే ఎడపల్లిలో ఫోన్ అందరి చేతులూ తిరుగుతుంది, అందరికీ కనిపిస్తుంది, చిన్నపిల్లలకూ కనిపిస్తుంది, అప్పుడందరూ హన్మవ్వ వంక చూస్తారు. ఇంత నల్లగా ఉన్నది కూడా కనబడలేదా నీకు? మంచి పని చేస్తూ చేస్తూ ఆమె గొంతు కోసినట్టే. తప్పు దిద్దితే తప్పు జరిగిన గుర్తు కూడా తుడుచుకుపోతుంది. దిద్దకుండా అలాగే పెడితే రేపు ఇంకో మనిషి మునుగుతుంది. గోడ మీదైతే ఇట్లా ఉండదు, కొత్త సున్నం కింద పాత రాత ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుంది. ఈ పేజీకి ఆ సిగ్గు లేదు. మార్చావంటే ఎప్పుడూ అట్లాగే ఉన్నట్టు చూస్తుంది నీ ముఖం వంక.

పన్నెండూళ్లు. వర్ని దిక్కు ఆరు, బోధన్ దిక్కు ఆరు, పన్నెండు కాలువ సంఘాల పేజీలు, భీమన్న మాటిప్పిస్తానన్నాడు. ఏడాదికి సరిపడా పని. చేస్తే ఒక్కో పేజీని సరిగ్గా చెయ్యొచ్చు, పన్నెండు ఊళ్లలో ఎండలో చదవగలిగేట్టు చెయ్యొచ్చు, ఒక్క ముసలమ్మ వంతు పోతే పోయింది గానీ వెయ్యిమందికి మేలు కదా, అని ఒక గొంతు లోపల చాలా మర్యాదగా మాట్లాడుతోంది. మధుకర్‌కు ఆ గొంతు తెలుసు. గోడలు రాసిన రోజుల్లో ప్రతి ధర్నా ముందూ ఎవడో ఒక పెద్దమనిషి టీ తాగించి ఆ గొంతుతోనే మాట్లాడేవాడు. వెయ్యిమంది పేరు చెప్పి ఒక్కరిని తొక్కేవాళ్లను ఎన్నిసార్లు పేరు పెట్టి తిట్టలేదు తను! జానకంపేట వచ్చింది, నలుగురు దిగారు, ఎనిమిదిమంది ఎక్కారు, ఎవరిదో సంచి మోకాలికి గుచ్చుకుంది. ఇంకో ఇరవై నిమిషాలు. అక్కడ నలుగురిలో నిలబడి చెబుదాంలే అనుకున్నాడు. నిలబడితే చెప్పడు. అదీ తెలుసు. భీమన్న భుజం మీద చెయ్యి వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, తను ఊ అనేస్తాడు. నిన్న ఫోన్లో ఒక్కదానికి నిజం చెప్పలేనివాడు ఇవాళ యాభైమందిలో చెబుతాడా?

అందుకని బస్సులోనే మొదలుపెట్టాడు. తెలుపు తీసి నలుపు పెట్టాడు. అక్షరాన్ని లావు చేశాడు, వరుసల మధ్య జాగా పెంచాడు. పేజీ నెత్తిన, అన్నిటికన్నా పైన, కొత్త మాట కొట్టసాగాడు. బస్సు కుదుపుకు వేలు పక్క అక్షరం మీద పడుతోంది, చెరుపుతున్నాడు, మళ్లీ కొడుతున్నాడు. మొదట, కొన్ని సాంకేతిక కారణాల వల్ల, అని వచ్చింది. థూ అని కొట్టేశాడు. తర్వాత, సంఘ సభ్యులకు కలిగిన అసౌకర్యానికి, అని వచ్చింది. అదీ కొట్టేశాడు. చివరికి మిగిలింది ఇది. "సోమవారం నాడు వంతులు మారిన మాట ఈ పేజీలో రాసిన, కానీ పసుపు మీద తెల్ల అక్షరంతోటి రాసిన. ఎండల ఎవ్వరికి కనబడది. ఇయ్యాల బస్సుల నేనే సదువలేకపోయిన. హన్మవ్వకు సదువు వచ్చు. ఆమె కండ్లు మంచిగనే ఉన్నయి. తప్పు పేజీది, పేజీ చేసిన నాది, సంఘంది. మధుకర్." సంఘంది అన్నచోట ఆగాడు. ఆ ఒక్క మాట తీసేస్తే భీమన్న రేపు కూడా తనతో మాట్లాడతాడేమో. ఆ ఒక్క మాట లేకపోతే రూలు ప్రకారం నీళ్లు రావు. ఉంచాడు, నొక్కాడు. గుండ్రం తిరగడం మొదలైంది, తిరుగుతూనే ఉంది, సిగ్నల్ ఒక గీతకు పడిపోయింది, పొలాల మధ్య ఎక్కడా టవర్ లేదు. ఆపేయడానికి ఇంకా టైమున్నదని తెలిసీ వేలు ముడుచుకుని కూర్చున్నాడు. లింబయ్యకు ఇదేమీ తెలియదు, ఏదో పెద్ద పని జరుగుతోందని మాత్రం పట్టేశాడు, "పోయిందా?" అన్నాడు. "పోతలేదు బాపు." "పోతదీ, గడియాగు." పోయింది. ఆ లింకును గ్రూపులో పడేశాడు, గుడ్ మార్నింగుల నెత్తిన.

పేజీ తెరిచి లింబయ్య చేతికిచ్చాడు. ముసలాయన కిటికీ ఎండలోనే పట్టుకుని, కూడబలుక్కుంటూ మొదటి మాటనుంచి చివరి మాటదాకా పైకి చదివాడు. బస్సులో సగంమంది విన్నారు. చదివి, "ఈ మధుకర్ ఎవడు?" అన్నాడు. "నేనే." లింబయ్య అతన్ని కిందికీ మీదికీ చూసి, ఫోన్ తిరిగిచ్చి, రుమాలు సర్దుకుని పక్కకు జరిగాడు. కొంచెం జాగా ఇచ్చాడో, దూరం జరిగాడో తేల్చుకునేలోపే ఫోన్ మోగింది.

"ఏం రాసినవ్‌రా, నీకేమన్న దమాక్ ఉన్నదా? చాయ్ కొట్టుకాడ ఒకడు నా మొకం ముందటనే పెద్దగ సదివిండు. సంఘంది అని ఎట్ల రాస్తవ్? ఎవలనడిగినవ్?"

"అన్నా, అవ్వ వంతు?"

"ఇయ్యక ఏం జేస్త? ఊరంత సదివినంక రూలు నేనే తప్పుతనా? మూడు గంటలకు తిప్పుతం, పో. రేపటి నా వంతుల కెళ్లే పోతయి ఆ నీళ్లు, సంబురమైందా?" భీమన్న ఊపిరి పీల్చుకున్నాడు. "మీటింగు లేదు, ఏం లేదు. పన్నెండూర్లు మర్సిపో. నా గడప తొక్కకు."

మధుకర్‌కు ఒక్కసారి చేతులు ఖాళీ అయినట్టనిపించింది. సంతోషమో, ఏడాది పని పోయిన దిగులో తేలలేదు. మీటింగు లేదు గనక దిగాల్సిన పని లేదు. బస్సులోనే కూర్చుని బోధన్ పోయి, తిరుగు బస్సు పట్టుకుని రావొచ్చు. "ఎడపల్లి, ఎడపల్లి దిగేటోళ్లు" అని కండక్టర్ అరిచింది. దిగాడు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది పేజీలో రాస్తే సరిపోదు, రాసే ఉన్నదవ్వా అని నోటితో అన్నదాన్ని నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఊరి చివరిదాకా నడిచాడు, అవ్వా తప్పయింది, అవ్వా నేనే, అవ్వా నీ కండ్లు, అని ఎన్ని రకాలుగా మొదలుపెట్టినా రెండో మాట రావడం లేదు. హన్మవ్వ తలుపుకు గొళ్లెం వేసి ఉంది. పక్కింటి నాగవ్వ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తింది.

"నువ్వేనా ఆ మధుకరు? అవ్వ లేదు. మూడింటికి నీళ్లని తెల్వంగనే పొలం కాడికి ఉరికింది. తినను గూడ లేదు. ఎండకు ఒడ్డు రెండు తావుల పలిగిందట, నీళ్లొచ్చేలోపు పూడ్వకుంటె అన్నీ పక్క మళ్లకే పోతయి."

"నేను ఆమెతోటి ఒక్క మాట..."

"మాట ఎటు పోతది? వట్టి చేతులతోటి పోతవేంది, గా మూలకు నా పారున్నది, పట్టుకపో."

పన్నెండున్నర దాటింది. మధుకర్ ఫోన్ జేబులో పెట్టుకుని, పార భుజాన వేసుకుని, కాలువ గట్టు ఎక్కి గబగబా నడిచాడు.